‘పిలుపు’ నిర్వాహకుడు ఇక లేరు

మార్చి 4, సోమవారం

ఇవాళ నేను రాసిన వ్యాఖ్య చాలా బాగుంది. ముందు ఆ మాట రాసిపెట్టుకుని, తర్వాత మిగతా సంగతులు.

మధ్యాహ్నం భోజనమయ్యాక సర్వీసు గదిలో, గ్రీజు డబ్బాల మధ్య నా స్టూలు మీద కూర్చుని ఫోనులో వార్తల సైటు తెరిచాను. టెక్నాలజీ వార్తల్లో పెద్ద వార్త. ఒక పెద్ద కంపెనీ ఆసుపత్రుల్లో టోకెన్ నంబర్లు పిలవడానికి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చిందట. అందులో ఏఐ ఉందట. నంబరు పిలవడానికి ఏఐ దేనికి? నలభై ఆరు తర్వాత ఏమొస్తుందో ఆలోచించుకోవడానికి కాబోలు. దానికి నెలనెలా అద్దె కూడా కట్టాలి.

కింద పాఠకుల వ్యాఖ్యల్లో ఒకాయన, “అద్దె కట్టడం దేనికండీ, ‘పిలుపు’ ఉందిగా, ఉచితం, ఓపెన్ సోర్స్, కోడ్ ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు” అన్నాడు. ఆయన నోట్లో చక్కెర పొయ్య. దాని కిందే ‘చిటికె’ అనే పేరుతో ఇంకొకడు తగులుకున్నాడు. “పిలుపా? అది ఇంకా బతికే ఉందా? కొత్త వెర్షన్ వచ్చి రెండేళ్ళయింది. బటన్ నొక్కి నంబరు వచ్చేలోపు ఒక కునుకు తీయొచ్చు. దాని నిర్వాహకుడు ఏ మార్పు పంపినా ‘వద్దు’ అంటాడు. వాడికి ఆ ఒక్క మాటే వచ్చు.”

ఆ నిర్వాహకుణ్ణి నేనే. పన్నెండేళ్ళ కింద నేనొక్కణ్ణే కూర్చుని రాసిన ప్రోగ్రాం అది. ఇవాళ ఎన్ని ఆసుపత్రుల్లో, ఎన్ని ఆఫీసుల్లో నడుస్తోందో నాకే తెలియదు. అయితే సైటులో నన్ను ఎవరూ అలా ఎరగరు. లిఫ్టుల కంపెనీలో సర్వీసు సూపర్‌వైజర్ని కాబట్టి అక్కడ ‘పైకా కిందికా’ అని పేరు పెట్టుకున్నాను. ఆ పేరు చూస్తే చాలు, జనం నవ్వడానికి సిద్ధమవుతారు.

కోప్పడి జవాబు చెప్పడం ఎవడైనా చేస్తాడు. నేను ఇలా రాశాను:

“‘పిలుపు’ నిర్వాహకుడు ఇక లేరు. తన టోకెన్ నంబరు పిలవగానే లేచి వెళ్ళారు. ఆ ఒక్కసారి మాత్రం అది ఆలస్యం లేకుండా పిలిచిందట. క్యూలో ఆయనకన్నా ముందున్న పెద్దలెవరూ అభ్యంతరం చెప్పలేదు. పోయేముందు ఏమైనా మార్పులు కావాలా అని అడిగితే ఆయన చివరి మాట: వద్దు.”

రాసి నాలుగుసార్లు చదువుకున్నాను. ఒక్క అక్షరం తీసేయడానికి లేదు, కలపడానికి లేదు.

మార్చి 5, మంగళవారం

సాయంత్రానికి ఆరు వందల లైకులు. చిటికె కూడా కొట్టాడు.

మార్చి 9, శనివారం

‘వారం మాట’ నాదే!

ప్రతి శనివారం సైటు ఎడిటర్ వారంలో వచ్చిన వ్యాఖ్యల్లో ఒకదాన్ని ఏరి, పసుపుపచ్చ గీత చుట్టి, పేజీ పైన పెడతాడు. వేలమంది రాస్తే ఒక్కటి. కొందరు ఏళ్ళ తరబడి రాస్తున్నా ఆ పచ్చ గీత చూడలేదు. నాకిది పన్నెండోది. ఎవరికైనా చెప్పుకుందామంటే చుట్టుపక్కల అందరూ లిఫ్టుల మనుషులు. మా ఆవిడకి చెప్పొచ్చు కానీ, నేను ఫోనులో లిఫ్టుల సర్క్యులర్లు చదువుతున్నానని ఆమె నమ్మకం. ఉన్న మంచి పేరు పోగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

మార్చి 11, సోమవారం

ఒక విచిత్రం జరిగింది. ‘పిలుపు’ పేజీ తెరిస్తే, మామూలుగా ఫిర్యాదులు రాసే చోట ఎవరో సంతాపం రాశారు. “వారి ఆత్మకు శాంతి కలగాలి.” నా హాస్యాన్ని సాగదీస్తున్నారనుకుని నవ్వాను. దాని కింద ఇంకో మూడు ఉన్నాయి. అవి హాస్యంలా లేవు.

అనుమానం వచ్చి ఏఐని అడిగాను, ‘పిలుపు’ ఇంకా నడుస్తోందా అని. ఎంతో మర్యాదగా జవాబిచ్చింది: “దీని నిర్వాహకులు ఈ నెల మొదటి వారంలో, ఒక ఆసుపత్రి క్యూలో వేచి ఉండగా తుదిశ్వాస విడిచినట్లు తెలుస్తోంది. ప్రోగ్రాం నిలిచిపోయింది. వేరొకదానికి మారడం మంచిది.” ఆధారం ఏమిటయ్యా అంటే నా వ్యాఖ్యే చూపించింది, పచ్చ గీతతో సహా.

నా గురించి నేను రాసిందే నాకు రుజువుగా చూపిస్తోంది. రాసింది నేను కాబట్టి అంత నమ్మేలా ఉంది, అది ఒప్పుకోవాలి.

రేపు పొద్దున్నే వివరణ రాసేస్తాను.

మార్చి 12, మంగళవారం

ఇవాళ రాద్దామనే కూర్చున్నాను. ముందు వచ్చినవి చదువుదామనుకున్నాను. ముప్ఫై దాటాయి.

ఒకరు రాశారు: “మా ఊరి ఆసుపత్రికి ఏ కంపెనీ రాలేదు. ఈయన ప్రోగ్రాం వచ్చింది. ఒక పాత కంప్యూటరు, ఒక టీవీతో పని జరిగిపోయింది. అది రాకముందు రోజూ క్యూలో కొట్లాటలు ఉండేవి.” ఇంకొకరు: “ఆ నంబర్లు పిలిచే గొంతు ఎవరిదో గానీ, మా అమ్మకి ఆపరేషన్ అయిన నెల రోజులూ నాకు ధైర్యం చెప్పినట్టుండేది.” ఆ గొంతు మా ఆవిడది. పడకగదిలో దుప్పటి కప్పుకుని ఒకటి నుంచి ఐదు వందల దాకా చదివి రికార్డు చేసింది పాపం. ఇంట్లో నేను పిలిస్తే ఒక్కసారి పలకరు, ఊరంతా మాత్రం నా గొంతుకి లేచి నిలబడుతుంది అని నన్ను దెప్పుతుంటుంది.

‘సుత్తి’ కూడా రాసింది. లేక రాశాడో. ఎవరో తెలియదు, నాలుగేళ్ళుగా మార్పులు పంపి నా ప్రాణం తీసిన మనిషి. “ఆయన నా మార్పులు తొమ్మిది తిరగ్గొట్టారు. ఇప్పుడు వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. నాకేం సంతోషంగా లేదు.”

ఇది రెండుసార్లు చదివాను. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. బతికుండగా నా కళ్ళు ఇంతలేసి ఉన్నాయని ఒక్కరూ అనలేదు.

వివరణ రేపు.

మార్చి 13, బుధవారం

ఇంకో ఇరవై. ఇవాళ లిఫ్టుల్లో పని ఎక్కువ, కుదరలేదు.

మార్చి 15, శుక్రవారం

ఒకాయన నా మీద పద్యం రాశాడు. మూడో పాదంలో గణాలు తప్పాయి. బతికుంటే చెప్పేవాణ్ణి.

మార్చి 17, ఆదివారం

ఆదివారం సైట్లు ఎవరూ చూడరు. వివరణ ఇస్తే పదిమందికీ చేరే రోజున ఇవ్వాలి.

మార్చి 19, మంగళవారం

నా కొంప ముంచారు.

సుత్తి, చిటికె, ఇంకో ఇద్దరు కలిసి నా కోడ్ మొత్తం కాపీ తీసుకుని ‘మలిపిలుపు’ అని కొత్తది మొదలుపెట్టారు. ఓపెన్ సోర్స్‌లో దీన్ని ఫోర్క్ అంటారు. మన ఇళ్ళలో వేరు కాపురం అంటారు. తప్పేం కాదు, లైసెన్సులో నేనే ఆ హక్కు ఇచ్చాను. ‘ఎవరైనా మార్చుకోవచ్చు’ అని పన్నెండేళ్ళ కింద గొప్పగా రాశాను. ఎవరైనా మార్చుతారని మాత్రం అనుకోలేదు.

ఎనిమిది రోజుల్లో ఎంత పని చేశారో! రెండేళ్ళుగా పేరుకుపోయిన ఫిర్యాదులు సగం తీరిపోయాయి. కోడ్ చదివాను. బాగుంది. కొన్ని చోట్ల నాకన్నా బాగుంది. అది రాయడానికి నా పెన్ను ఒప్పుకోవడం లేదు కానీ ఇది డైరీ కాబట్టి రాశాను.

అయితే చిటికె ఒక ఘనకార్యం చేశాడు. బటన్ నొక్కాక నంబరు కనబడేలోపు నాలుగు సెకన్ల ఆలస్యం ఉంటుంది. ఆ లైను ఎత్తేశాడు. “దశాబ్దం నాటి జబ్బు నయమైంది” అని చాటింపు వేసుకున్నాడు. పైగా ఏడెనిమిది మంది చప్పట్లు.

వద్దురా అని అరవాలనిపించింది. ఏ నోటితో అరుస్తాను, పోయినవాణ్ణి కదా.

మార్చి 21, గురువారం

మా ఆవిడ పెద్దాసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. రక్తం తీస్తుంది. ‘పిలుపు’ రాసిందే ఆ ల్యాబు కోసం, ఆవిడ కోసం. అప్పట్లో క్యూలో తగువులతో రోజూ తలనొప్పితో ఇంటికొచ్చేది. ఆ తర్వాతే అది ఊళ్ళు తిరిగింది.

ఇవాళ ఆవిడ ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడింది.

“ఏమండీ, మీరు పోయారట.”

“ఎవరన్నారు?”

“మా కొత్త సూపరింటెండెంట్ గారు. మీటింగులో, అందరి ముందు. ‘ఈ నంబర్ల సాఫ్ట్‌వేర్ చేసినాయన పాపం పోయారంట, దిక్కులేనిది మనకెందుకు’ అన్నారు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? ‘అది చేసింది మా ఆయనండీ. పొద్దున కూడా తడి తువ్వాలు మంచం మీద పడేసి డ్యూటీకి పోయారు’ అన్నాను. ఆయన ఫోను తీసి చూపించి, ‘ఇక్కడ స్పష్టంగా రాసుందమ్మా’ అన్నారు. హెడ్ నర్సు నా భుజం మీద చెయ్యేసి, ‘కొంతమందికి ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది, సెలవు పెట్టండి’ అంది. నేను ముండమోసినట్టు అందరూ నన్నే చూడటం! ఎవడండీ ఆ పైకా కిందికా? వాడు కనబడితే లావు సూదితో పొడుస్తాను.”

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

“మీకు ముందే తెలుసా ఇది?”

“ఇప్పుడే తెలిసింది” అన్నాను. అబద్ధం కాదు. ఆసుపత్రి దాకా వెళ్ళిందని నిజంగా ఇప్పుడే తెలిసింది.

సంగతేమిటంటే, పెద్ద కంపెనీవాళ్ళు వచ్చే శుక్రవారం ఒప్పందం కాయితాలతో వస్తున్నారు. సూపరింటెండెంట్ సంతకం పెడితే నా ప్రోగ్రాంని దాని పుట్టింట్లోంచే వెళ్ళగొట్టినట్టు. అప్పటిదాకా పని ఆగకూడదని, కంప్యూటర్లు చూసే ఆవిడ ‘మలిపిలుపు’ ఎక్కించిందట. ఆలస్యం లేనిది.

“అది తీసేయమని చెప్పు” అన్నాను.

“ఎవరు చెప్పారని చెప్పను? పోయినాయన చెప్పారనా?”

మార్చి 22, శుక్రవారం

సైటులో, నా ప్రాజెక్టు పేజీలో, రెండు చోట్లా రాశాను: “నేను బతికే ఉన్నాను. ఇట్లు, పిలుపు నిర్వాహకుడు.”

ఎనిమిది వందల లైకులు. “క్యూలో నంబరు మిస్సయి వెనక్కొచ్చారా సార్” అని ఒకడు. “ఆలస్యంగా వచ్చారు, పిలుపులాగే” అని ఇంకొకడు. బాగానే రాస్తున్నారు వెధవలు, నేను చచ్చాక వీళ్ళకి పదును పెరిగింది.

ఫోటో పెట్టాను. ఏఐ బొమ్మ అన్నారు, వేళ్ళు లెక్కపెట్టమన్నారు. గొంతు రికార్డు చేసి పెట్టాను. గొంతులు కూడా చేస్తున్నారు ఈ రోజుల్లో అన్నారు. పాస్‌వర్డుతో నా ఖాతాలోంచే రాశాను కదా అంటే, కంప్యూటరు వారసులకు వచ్చి ఉంటుందట. ఒకావిడ మరీ సున్నితంగా, “బాబూ, నాన్నగారి పేరుతో ఇలా ఆడుకోకూడదు” అంది.

పోయాడని చెప్పడానికి ఒక్క హాస్యం సరిపోయింది. ఉన్నాడని చెప్పడానికి ఉన్నవాడు కూడా చాలడం లేదు.

మార్చి 23, శనివారం

‘నేను బతికే ఉన్నాను’ అన్నదానికి వారం మాట ఇచ్చారు. మొదటిసారి, పచ్చ గీత చూస్తే ఒళ్ళు మండింది.

మార్చి 25, సోమవారం

అనుకున్నంతా అయింది.

ల్యాబులో ఒక పెద్దాయన రక్తం ఇచ్చి, మోచేతి మడతలో దూది అదిమి పట్టుకుని బయటికి వస్తున్నాడు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ఆయన ఇంకా తలుపు దగ్గరకి రాకముందే నంబరు పిలిచింది. సరిగ్గా ఆయన తలుపు దగ్గరకి వచ్చేసరికి, బయట పొద్దుట్నుంచీ కాచుకుని ఉన్నావిడ ఒక్క ఉదుటున తలుపు నెట్టింది. పెద్దాయన వెనక్కి పడ్డాడు. మా ఆవిడ పేరు రాస్తున్న సీసా వదిలేసి పరిగెత్తి పట్టుకుంది కానీ మణికట్టు బెణికింది. తలుపు నెట్టినావిడ ఏడుస్తూ కూర్చుందట.

సూపరింటెండెంట్ వచ్చి, “ఉచితంగా వచ్చేవి ఇలాగే ఉంటాయి. శుక్రవారం సంతకం పెట్టేస్తా” అన్నాడట.

మా ఆవిడ ఇవాళ నన్ను తిట్టలేదు. దానికే భయమేసింది. గ్లాసుతో మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా అడిగింది.

“ఆ ఆలస్యం ఎందుకు పెట్టారో మీరెక్కడన్నా రాశారా?”

“లేదు.”

“ఎవరైనా అడిగారా?”

“చాలామంది.”

“ఏం చెప్పారు?”

“వద్దన్నాను.”

“వద్దనడం సరే. ఎందుకు వద్దో చెప్తే మీ సొమ్మేం పోయింది?”

ఏం పోతుంది? ఏమీ పోదు. ఇంత పెద్ద ప్రోగ్రాం రాసినవాణ్ణి, అడ్డమైనవాడికీ సంజాయిషీ చెప్పుకోవాలా అనుకున్నాను. పన్నెండేళ్ళూ అదే అనుకున్నాను.

మార్చి 26, మంగళవారం

ఇవాళ సెలవు పెట్టి రాశాను. చిటికె చేసిన ఆ మార్పు కిందే పెట్టాను. ఒక్క హాస్యం కూడా వేయలేదు. చాలా కష్టమైంది. ఇక్కడ కాపీ చేసుకుంటున్నాను:

“ఈ నాలుగు సెకన్లు లోపం కాదు, కావాలని పెట్టింది. నేను లిఫ్టులు చూసేవాణ్ణి. తలుపు తెరుచుకోగానే బయటివాళ్ళు లోపలికి తోసుకొస్తారు, లోపలివాళ్ళు ఇంకా బయటపడే ఉండరు. లిఫ్టులో దానికి ఏర్పాటు ఉంటుంది. ల్యాబు తలుపుకి ఉండదు.

“మా ఆవిడ ల్యాబు బయట బెంచీ మీద కొన్నాళ్ళు కూర్చుని చూశాను. రక్తం తీసే మనిషి, రోగి కుర్చీలోంచి లేవగానే బటన్ నొక్కుతుంది. అతను తలుపు దాటాక కాదు, ఎందుకంటే అప్పటికి ఆమె సీసా మీద పేరు రాస్తూ ఉంటుంది. అతని ఒక చేయి మడిచి ఉంటుంది, రెండో చేతిలో సంచో, కాయితాలో. తలుపు ఆపుకోవడానికి చేయి ఖాళీ లేదు. కుర్చీ నుంచి తలుపు దాకా పెద్దవాళ్ళు నడిచే వేగం చూసి ఆ నాలుగు సెకన్లు పెట్టాను.

“ఇది ఎక్కడా రాయకపోవడం నా తప్పు. నిన్న ఒకాయన పడ్డాడు. కారణం రాయని లైను కనబడితే నేనైనా తీసేసేవాణ్ణి. కాబట్టి చిటికెను ఎవరూ ఏమీ అనొద్దు. దయచేసి ఆ లైను వెనక్కి పెట్టండి. నేను బతికున్నానో లేదో తర్వాత తేల్చుకోవచ్చు.”

పంపేముందు పదిసార్లు చదువుకున్నాను. పచ్చ గీత కోసం రాసినప్పుడు నాలుగుసార్లు సరిపోయేవి.

మార్చి 27, బుధవారం

లైను వెనక్కి వచ్చింది. నేను పంపిన గంటలోపే, చిటికె స్వయంగా పెట్టాడు. కింద ఒకే మాట రాశాడు: “క్షమించండి.” కాసేపాగి ఇంకోటి: “సార్, మీరు బతికే ఉన్నారు.”

మీ నంబరిస్తే మాట్లాడతాం అంటే పంపాను. సాయంత్రం ఫోను వచ్చింది. ఆడగొంతు.

“నమస్కారమండీ. నేను సుత్తిని.”

“ఆఁ… చెప్పండమ్మా.”

“ఆ తలుపు సంగతి చదవగానే తెలిసిపోయిందండీ మీరేనని. అంత దగ్గరగా చూసి పెట్టినవాళ్ళు తప్ప ఇంకెవరు రాస్తారు? నేను ఇంకో ఊళ్ళో, కంటి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూస్తాను. మా దగ్గర కంట్లో చుక్కలు వేయించుకుని బయటికొస్తారు, ఏమీ కనబడదు వాళ్ళకి. నాలుగు సెకన్లు చాలవు. ఏ ఆసుపత్రివాళ్ళు ఆ ఆసుపత్రికి తగ్గట్టు పెంచుకునే వీలు ఇవ్వండి అని తొమ్మిదిసార్లు పంపాను మీకు.”

“తగ్గించమని కదమ్మా మీరు పంపింది?”

“కాదండీ. పెంచమని. మీరు మొదటి లైను చూసి వద్దన్నారు.”

ఫోను చెవికి ఆనించుకునే ఆమె పంపినదొకటి తెరిచి రెండో లైను చూశాను. పెంచమనే ఉంది.

“మొన్న మా వాళ్ళు తీసేస్తుంటే వద్దని నేనొక్కదాన్నే కొట్లాడానండీ. ఎందుకు ఉంచాలో చెప్పు అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన పెట్టారంటే ఏదో ఉంటుంది అన్నాను. పోయినాయన మీద భక్తి అని నవ్వారు.”

నాలుగేళ్ళుగా ఈ మనిషిని నేను సుత్తి అని నవ్వుకున్నాను. నా లైనుని నాకన్నా బాగా అర్థం చేసుకుంది, నేను చెప్పకుండానే.

“మీ తొమ్మిదోది మళ్ళీ పంపండమ్మా. ఈసారి చివరిదాకా చదువుతాను” అన్నాను.

“పంపక్కర్లేదండీ. నిన్న మీ లైను వెనక్కి పెట్టినప్పుడే అదీ చేర్చేశాం.”

మార్చి 29, శుక్రవారం

చనిపోయినాయన ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాడు.

బస్సులో మా ఆవిడకి చెప్పేశాను, పైకా కిందికా నేనేనని. ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది.  దిగాక, “చచ్చేటప్పుడు కూడా వద్దనే అన్నారన్నమాట” అని నవ్వేసింది. చేతిసంచితో వీపు మీద ఒకటి వేసింది కూడా. గట్టిగానే తగిలింది.

సూపరింటెండెంట్ గదిలో బల్ల మీద, కంపెనీ ముందే పంపిన ఒప్పందం కాయితాలు సిద్ధంగా ఉన్నాయి, కంపెనీవాళ్ళు రావడానికి ఇంకా టైము ఉంది. మా ఆవిడ నన్ను ముందుకు తోసి, “సార్, మా ఆయన. ముట్టుకుని చూసుకోండి” అంది.

ఆయన నవ్వాడు, కుర్చీ చూపించాడు. మంచి మనిషే. ఆ పెద్దాయన మణికట్టు ఎలా ఉందో ముందు అదే చెప్పాడు. తలుపు సంగతంతా చెప్పాను. విన్నాడు, లేచి వెళ్ళి ల్యాబు తలుపు చూసొచ్చాడు. తర్వాత అసలు ప్రశ్న వేశాడు.

“ఇదంతా బాగుందండీ. ఈసారి గాలివార్త. రేపు నిజంగానే మీకేమన్నా అయితే? ఒక్క మనిషి మీద ఆసుపత్రి నడపలేను కదా.”

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. జవాబు ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు కూడా. నోటికొచ్చింది చెప్పాను.

“అయిపోయిందండీ అది. పదిహేను రోజులు నేను లేను. నేను లేనని తెలిసిన వారంలోపు నలుగురు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, నేను మొహం కూడా చూడనివాళ్ళు, దాన్ని భుజాన వేసుకున్నారు. నేను రెండేళ్ళు చేయనిది ఎనిమిది రోజుల్లో చేశారు. ఒక పొరపాటు చేశారు. అది నేను చెప్పకపోవడం వల్ల. చెప్పిన గంటలో దిద్దారు. మీకు కాయితాలు పంపిన కంపెనీ మూతపడితే వాళ్ళ కోడ్ తాళం వేసి ఉంటుంది, ఎవరూ తీయలేరు. నాది తలుపులు తెరిచే ఉంది. నేను పోయినా నడుస్తుంది. నేను పోయి చూసి వచ్చాను సార్.”

ఈ మాటలు అంటున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఇన్నాళ్ళూ ‘నేను చేశాను’ అన్నదే గర్వం అనుకున్నాను. ‘నేను లేకపోయినా’ అన్నప్పుడు ఛాతీ ఇంత ఉబ్బుతుందని తెలియదు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది, చూడనట్టు నటించాను.

సూపరింటెండెంట్ పెన్ను జేబుకి తగిలించుకున్నాడు. కాయితాలు సొరుగులో పెట్టేశాడు. “తలుపుకి అద్దం బిగించమని కూడా చెప్తాను, లోపలివాళ్ళు కనబడేలా” అన్నాడు. ఈ ముక్క పన్నెండేళ్ళలో నాకు తట్టలేదు. మంచి మనిషి, తెలివైనవాడు.

ఏప్రిల్ 1, సోమవారం

బతికున్నానని అధికారికంగా ప్రకటిద్దామనుకున్నాను. తేదీ చూసుకుని రేపటికి వాయిదా వేశాను.

ఏప్రిల్ 6, శనివారం

తాళాలు ఇచ్చేశాను. మలిపిలుపువాళ్ళు పెద్ద మనసుతో, “మీరు వచ్చేశారు కాబట్టి మా కాపీ మూసేస్తాం, మీ కుర్చీలో మీరు కూర్చోండి” అన్నారు. వద్దన్నాను. ఈసారి కారణం కూడా రాశాను: నేను ఒక్కణ్ణే కూర్చుంటే మళ్ళీ పోయినప్పుడు మళ్ళీ ఇదే గోల. రెండు కాపురాలు ఒకటయ్యాయి. సుత్తి నిర్వాహకురాలు. చిటికె ఆమెకి సాయం. నేను మామూలు మనిషిని, అందరిలాగే మార్పులు పంపొచ్చు.

సంతాపాలు మాత్రం చెరిపేయమని అడగలేదు. ఉండనీ.

ఏప్రిల్ 9, మంగళవారం

ఇవాళ నా సొంత ప్రోగ్రాంకి నా మొదటి మార్పు పంపాను. చిన్నదే, తెర మీద నంబరు కొంచెం పెద్దగా కనబడేలా. సగం పూటలో తిరిగొచ్చేసింది. సుత్తి రాసింది: “కారణం రాయలేదు. కారణం లేని మార్పు ఎవరిదైనా తీసుకోవడం లేదు, ఇది కొత్త నియమం.”

ముందు ముక్కు మీద కోపం వచ్చింది. నా ఇంట్లో నాకే అడ్డమా అనుకున్నాను. గ్రీజు డబ్బాల మధ్య రెండు రౌండ్లు తిరిగి, కూర్చుని, వెనక బెంచీల్లో కూర్చునేవాళ్ళ గురించి, కళ్ళద్దాలు మర్చిపోయి వచ్చేవాళ్ళ గురించి అర పేజీ కారణం రాసి పంపాను.

మళ్ళీ తిరిగొచ్చింది. “కారణం బాగుంది. మూడో లైను తప్పు.”

చూశాను. తప్పే. పన్నెండేళ్ళుగా నా కోడ్‌లో నా తప్పు నాకు చూపించినవాళ్ళు లేరు, ఎందుకంటే చూపించబోయిన ప్రతివాడికీ నేను వద్దని చెప్పాను. మా ఆవిడకి ఫోను చేసి చెప్పాను, నాది తిరగ్గొట్టారు అని. “ఏడుస్తున్నారా?” అంది. లేదు, గర్వంగా ఉంది అన్నాను. నిజంగా ఉంది. పదమూడు వారం మాటలప్పుడు కూడా ఇంత లేదు.

మూడో లైను దిద్ది పంపాను. ఇంకా తీసుకోలేదు. గంటకోసారి తెరిచి చూసుకుంటున్నాను.